చిన్న డైకాస్ట్ కారుకు వేసిన రంగు ఎందుకు చెడింది? ఎయిర్‌బ్రష్ కొనేముందు ఇది చదవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖ మధురవాడలో హాస్టల్ గది, ఆగస్టు నెల. అరచేతిలో ఇమిడే డైకాస్ట్ కారు (లోహాన్ని అచ్చులో పోసి చేసే బొమ్మ కారు) ఒకటి తీసుకుని ముందు బ్రష్షుతో ఎనామెల్ వేశారు. నచ్చలేదు. మరునాడు దాని మీదే హార్డ్‌వేర్ షాపులో కొన్న స్ప్రే కొట్టారు. కొన్నిచోట్ల తెల్లటి మసక పొర వచ్చింది, కొన్నిచోట్ల రంగు ముడతలు పడి లేచింది. ఇప్పుడు ఆరేడు వేలు పెట్టి ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే పరికరం) కొనాలా, కారును విప్పడం ఎలా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ఎయిర్‌బ్రష్ ఇప్పుడు కొనకండి. మీకు వచ్చిన రెండు చిక్కుల్లో ఏదీ అది తీర్చేది కాదు. తెల్ల పొర గాలిలోని తేమ వల్ల వచ్చింది. ముడతలు పచ్చి ఎనామెల్ మీద వేరే రకం రంగు పడినందువల్ల వచ్చాయి. ఆరేడు వేల రూపాయల పరికరంతో కొట్టినా ఆ రోజు, ఆ కారు మీద ఇదే జరిగేది. పాత రంగు పూర్తిగా తీసి, లోహాన్ని శుభ్రం చేసి, పొడి వాతావరణం చూసుకుని పల్చగా కొడితే మామూలు స్ప్రే డబ్బాతోనే చక్కటి పని వస్తుంది. అసలు మీ మొదటి కారుకు రంగే వేయవద్దంటాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు తెల్ల పొర. స్ప్రే డబ్బాలోని ద్రావకం చాలా వేగంగా ఆవిరవుతుంది. అలా ఆవిరయ్యేటప్పుడు రంగు ఉపరితలం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి పొర మీద కంటికి కనిపించని నీటి బిందువులు కూర్చుంటాయి, రంగు వాటిని లోపల పెట్టుకుని ఆరిపోతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవాళ్లు వీడియోల్లో ‘కొట్టండి, పది నిమిషాలు ఆగండి, మళ్లీ కొట్టండి’ అంటారు. వాళ్ల మాట తప్పు కాదు, వాళ్ల గాలి వేరు. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ డెబ్బై శాతం అటూఇటూగా ఉంటుంది, వానాకాలంలో ఇంకా పైకి పోతుంది.

అందుకే నా మొదటి సలహా రంగు గురించి కాదు, తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు గురించి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అది డెబ్బై దాటి చూపిస్తుంటే స్ప్రే డబ్బా ముట్టుకోను. అరవై చుట్టుపక్కల ఉంటే నిశ్చింతగా కొడతాను. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మనకు మంచి కాలం. మిగతా నెలల్లో ఎండ బాగా ఎక్కాక, సముద్రపు గాలి అందుకోకముందు, అంటే పొద్దున పది గంటల ప్రాంతంలో కొంత వెసులుబాటు దొరుకుతుంది. సాయంత్రం చల్లగా ఉంది కదా అని డాబా ఎక్కి కొట్టడం మన ఊళ్లో అన్నిటికన్నా చెడ్డ ఎంపిక.

వానాకాలంలో తప్పనిసరిగా కొట్టాలంటే రెండు ఉపాయాలు ఉన్నాయి. ఒకటి, డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచడం. తుంపర్లు సన్నగా వస్తాయి, తక్కువ రంగుతో పని అవుతుంది. వేడి నీళ్లు వద్దు, స్టవ్ దగ్గరికి అసలే తీసుకెళ్లవద్దు, అది పేలుతుంది. రెండు, కారును కూడా కొంచెం వెచ్చబెట్టడం. పాత ఫిలమెంట్ బల్బు బిగించిన అట్టపెట్టెలో పదిహేను నిమిషాలు ఉంచితే చాలు. ఎల్‌ఈడీ బల్బుకు ఆ వేడి రాదు. రంగు కొట్టేటప్పుడు బల్బు ఆర్పి, పెట్టెను దూరంగా పెట్టాలి, ఆ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. కొట్టిన తర్వాత, ద్రావకం వాసన తగ్గాక, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెట్టి ఆరనిస్తాను. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే పొట్లాలే.

ఇప్పుడు ముడతలు. ఎనామెల్ పైకి ఒక్క రాత్రిలో ఆరినట్టు కనిపిస్తుంది, లోపల రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. దాని మీద లాక్కర్ రకం స్ప్రే పడితే అందులోని ఘాటైన థిన్నర్ పచ్చి పొరను ఉబ్బించి లేపేస్తుంది. కార్ల పెయింటర్లు వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులు, థిన్నర్లు ఈ కోవలోవే. లాక్కర్ ఆరాక దాని మీద ఎనామెల్ వేయవచ్చు, ఎనామెల్ మీద లాక్కర్ మాత్రం వేయకూడదు. డబ్బా మీద ఏ రకమో రాసి లేకపోతే దుకాణదారుని అడగండి. ఆయనకూ తెలియకపోతే పనికిరాని రేకు మీద కొట్టి చూడండి.

ముడతలు పడిన చోట ఉప్పు కాగితంతో రుద్ది పైన మళ్లీ కొడదామని మీకు అనిపిస్తుంది. అలా చేయకండి. ఈ కొలతలో పొర మందం చాలా పెద్ద విషయం. ఇవి సుమారు 1:64 నిష్పత్తి కార్లు. మీరు పదో వంతు మిల్లీమీటరు మందాన రంగు పూశారంటే అసలు కారు మీద ఆరు మిల్లీమీటర్లకు పైగా పూసినట్టు. తలుపు గీతలు, బానెట్ మీది సన్న గాడులు, దీపాల అంచులు అన్నీ పూడిపోతాయి. లోహపు మెరుపు రంగులతోనూ ఇదే ఇబ్బంది. అసలు కారుకు వాడే మెటాలిక్ రంగులోని రేణువులు చిన్న కారు మీద కంకర పరిచినట్టు కనిపిస్తాయి. గాజువాక ఆటోనగర్ వైపు కార్ల రంగులు కలిపే దుకాణాల్లో కోడ్ చెబితే కొద్ది పరిమాణంలో కూడా కలిపి ఇస్తారు కానీ, చిన్న కార్ల కోసమైతే మెటాలిక్ లేని సాదా రంగులే అడగండి.

కారు విప్పడం. కిందినుంచి చూస్తే ముందొకటి, వెనకొకటి గుండ్రటి తలలు కనిపిస్తాయి. అవే రివెట్లు. పైభాగంతో కలిపి పోత పోసిన కాడ అడుగు పలకలోని రంధ్రంలోంచి బయటికి వస్తుంది, ఫ్యాక్టరీలో దాని తలను నలగగొట్టి బిగిస్తారు. మీరు తీయవలసింది ఆ నలిగిన తలను మాత్రమే, కాడను కాదు. తల నడుమ సూదిమొనతో గుంట పెట్టి, ముందు సన్న బిట్‌తో, తర్వాత మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల బిట్‌తో నెమ్మదిగా తొలవండి. తల రింగులా ఊడి బిట్‌కు చుట్టుకుంటుంది. అక్కడ ఆపేయాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ రజను కంట్లో పడితే డాక్టరు దగ్గరికి వెళ్లవలసి వస్తుంది.

తిరిగి బిగించడానికి చాలామంది జిగురు వాడతారు. నేను వాడను, మళ్లీ విప్పలేం. కాడ నడుమ 1.6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ఎం2 ట్యాప్‌తో (రెండు మిల్లీమీటర్ల స్క్రూకు మర కోసే పనిముట్టు) మర తీసి, చిన్న స్క్రూ బిగిస్తాను. ఒక చుక్క కుట్టు మిషన్ నూనె వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోవాలి. తొందరపడితే సన్న ట్యాప్ లోపలే విరుగుతుంది, ఆ కాడ ఇక పనికిరాదు. రంధ్రం లోతు కూడా ముఖ్యం. కొన్ని కార్లలో ముందు కాడ సరిగ్గా బానెట్ కింద ఉంటుంది, లోతు ఎక్కువైతే బిట్ పైకి వచ్చేస్తుంది. ఎంత లోతు కావాలో కొలిచి, బిట్‌కు అక్కడ టేపు చుట్టండి. ఎం2 ట్యాపులు పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పనిముట్ల దుకాణాల్లో అడిగి చూడండి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

విప్పేముందు ఫోనుతో ఫోటో తీసుకోండి. అడుగు పలక, సీట్ల ముక్క, అద్దం ముక్క ఏ వరుసలో కూర్చున్నాయో రెండు రోజుల తర్వాత గుర్తుండదు. ఇంకో సంగతి, పైభాగం లోహమేనా చూసుకోండి. కొన్ని కార్లకు పైభాగం ప్లాస్టిక్, అడుగు లోహం. ప్లాస్టిక్‌ను రంగు తీసే ద్రావకంలో వేస్తే కారు మిగలదు.

పాత రంగు తీయడం దగ్గరే అసలు పని ఉంది. ఈ కార్ల లోహం దాదాపు తొంభై ఆరు శాతం జింకు, మిగిలినది ఎక్కువగా అల్యూమినియం. జింకు గురించి మన ఊరివాళ్లకు ఒకరు చెప్పాలా అనుకోవచ్చు, 2012లో మూతపడిన జింకు కర్మాగారం మింది దగ్గరే కదా. కానీ వంటింటి చిట్కాలతో ఈ లోహాన్ని పాడుచేసేవాళ్లను ఇక్కడే ఎక్కువ చూశాను. జింకు ఆమ్లాన్నీ తట్టుకోదు, క్షారాన్నీ తట్టుకోదు. బాత్‌రూము కడిగే ఆమ్లం వాడితే లోహమే కరిగిపోతుంది. కాస్టిక్ సోడా రంగును తీస్తుంది, ఆ తర్వాత లోహాన్ని తినడం మొదలుపెడుతుంది, దానితోపాటు మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు వస్తుంది. విదేశీ వీడియోల్లో ఓవెన్ క్లీనర్ వాడుతుంటారు. అందులోనూ చాలాచోట్ల ఉండేది ఈ కాస్టిక్ సోడాయే.

పెయింట్ రిమూవర్ అని రంగుల దుకాణాల్లో చిక్కటి జెల్ దొరుకుతుంది, అది వాడండి. సాధారణంగా అందులో డైక్లోరోమీథేన్ ఉంటుంది. దాని ఆవిరి మంచిది కాదు, తలుపులు వేసిన గదిలో ప్రాణం మీదికి కూడా వస్తుంది. హాస్టల్ గదిలో వద్దే వద్దు, డాబా మీదే చేయండి. పల్చటి చేతితొడుగులు దానికి కరిగిపోతాయి, మందపాటివి వేసుకోండి. గాజు సీసాలో కారు పైభాగాన్ని పెట్టి, జెల్ పూసి, మూత వదులుగా పెడితే పది పదిహేను నిమిషాల్లో రంగు తోలులా లేచి వస్తుంది. పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టండి. ఈ జెల్ వద్దనుకుంటే అసిటోన్‌లో రాత్రంతా నానబెట్టవచ్చు, నెమ్మదిగానైనా పని చేస్తుంది. అయితే అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, మూత బిగించి దీపాలకు, పొయ్యికి దూరంగా ఉంచాలి.

‘వెంటనే’ అన్నది మన ఊరి కోసం ప్రత్యేకంగా చెబుతున్నాను. పెదవాల్తేరులో మా ఇంట్లో సముద్రం వైపు కిటికీ ఉంది. రంగు తీసిన జీపు ఒకటి మెరుపు చూడటానికి బాగుందని మా తమ్ముడు అలాగే అలమారాలో పెట్టించాడు. కొద్ది వారాలకే మూలల్లో తెల్లటి పొడి పట్టింది. జింకుకు పట్టే తుప్పు తెల్లగానే ఉంటుంది. వాడు అలాంటిదే ఇంకొకటి హైదరాబాద్ తీసుకెళ్లాడు, అది ఇప్పటికీ మెరుస్తోంది. తేమ, ఉప్పు గాలి, దానికి తోడు చేతి చెమట. అందువల్ల రంగు తీసిన రోజే ప్రైమర్ కొట్టడం మంచిది. కుదరకపోతే సిలికా జెల్ డబ్బాలో పెట్టండి, మళ్లీ ముట్టుకునేటప్పుడు తొడుగులు వేసుకోండి. ప్రైమర్‌కు ముందు 600 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే ఉప్పు కాగితం) తేలిగ్గా రుద్దితే రంగు పట్టు పెరుగుతుంది. దొరికితే లోహాన్ని కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ తీసుకోండి. మామూలు బూడిదరంగు ప్రైమర్ నున్నటి జింకు మీద గోరుతో గీస్తే ఊడిపోవచ్చు.

రంగు కొట్టడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇరవై, ఇరవై ఐదు సెంటీమీటర్ల దూరం, తుంపరను కారు బయట మొదలుపెట్టి కారు దాటాక ఆపడం, మొదటి పొర చూస్తే అసలు కొట్టామా అనిపించేంత పల్చగా. నాలుగు పల్చటి పొరలు ఒక మందపాటి పొర కన్నా మేలు. పైన మెరుపు కోసం కార్ల షాపులో హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) క్లియర్, అంటే రంగు లేని పారదర్శక పూత, ఇవ్వజూపుతారు. ఇంట్లో వాడకండి. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపదు. హార్డెనర్ అక్కరలేని మామూలు క్లియర్ డబ్బా చాలు.

మెరిసే పారదర్శక రంగు ఇష్టమైతే వేరే దారి ఉంది. 1968లో హాట్ వీల్స్ బ్రాండు మొదటి బొమ్మ కార్లు వచ్చినప్పుడు స్పెక్ట్రాఫ్లేమ్ అని పిలిచిన రంగులు వాడారు. 1953 నుంచి ఉన్న మ్యాచ్‌బాక్స్ బ్రాండు కార్ల సాదా రంగుల పక్కన అవి కొట్టొచ్చినట్టు కనిపించాయి. కిటుకు ఏమిటంటే కింద మెరిసే లోహం, దాని మీద గాజులా పారదర్శకమైన రంగు. ఇంట్లో దాన్ని చేయాలంటే ప్రైమర్ వేయకుండా, లోహాన్ని 2000 నంబరు పేపర్ దాకా రుద్ది, పాలిష్ పెట్టి, పారదర్శక రంగు కొట్టాలి. పాలిష్ జిడ్డు రవ్వంత ఉన్నా రంగు నిలవదు. డిసెంబరు వరకు ఆగి చేయవలసిన పని ఇది.

ఇక మీ మొదటి కారు. రంగు జోలికి పోకుండా మూడు పనులు చేయండి. ఒకటి, పక్కలనున్న అచ్చు బొమ్మలు, అంకెలు తీసేయండి. గోళ్ల రంగు తుడిచే ద్రావకంలో దూది పుల్ల ముంచి నెమ్మదిగా రుద్దితే చాలావరకు కింది రంగు చెడకుండా పోతాయి. ముందు అడుగున ఒక మూల పరీక్షించండి. రెండు, దీపాలకు వెండి రంగు, వెనక దీపాలకు ఎరుపు, కిటికీ రబ్బరు అంచులకు నలుపు సన్న కుంచెతో పెట్టండి. మూడు, చక్రాలు మార్చండి. ఈ మూడింటితో వచ్చే తేడా చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు తన నీలం రంగు కారుకు ఇంతే చేశాడు, నా అలమారాలోని సగం వాటికన్నా అది బాగుంది.

చక్రాలకు చౌక దారి ఇంకో కారునుంచి తీయడమే. ఇరుసు సుమారు ఒక మిల్లీమీటరు కడ్డీ. రెండు కార్ల వెడల్పు ఒకటి కాకపోతే ఇరుసును నడుమ కోసి, సన్న ఇత్తడి గొట్టంలో రెండు ముక్కలూ దూర్చి, కావలసిన వెడల్పుకు సరిచేసి ఆరల్డైట్ జిగురుతో అతికించాలి. ఈ కార్లు కొలతకు కచ్చితంగా 1:64లో ఉండవని గుర్తుంచుకోండి. ఒకే ప్యాకెట్‌లో పట్టాలి కాబట్టి వ్యానులను కుదిస్తారు, చిన్న కార్లను పెంచుతారు. కాబట్టి చక్రం వ్యాసం కంటికి ఆనేలా ఎంచుకోవాలి, లెక్కతో కాదు.

కిటికీ అద్దం ముక్కను సూపర్ గ్లూతో అతికించకండి. దాని ఆవిరి తేమతో కలిసి అద్దం లోపల తెల్లగా పేరుకుంటుంది, మన ఊళ్లో అయితే మరీను. తెల్ల ఫెవికాల్ ఒక చుక్క చాలు, ఆరాక పారదర్శకంగా ఉంటుంది.

నంబరు పలకలు కావాలని కూడా రాశారు. అసలు కారు పలక 500 మిల్లీమీటర్ల పొడవు, 120 ఎత్తు. అంటే మీకు కావలసింది సుమారు 7.8 మిల్లీమీటర్ల పొడవు, 1.9 ఎత్తు. ద్వారకా నగర్ జిరాక్స్ షాపుల్లో మంచి లేజర్ ప్రింటు వస్తుంది. మామూలు మెరుపు కాగితం మీద తీసి, కత్తిరించి, అంచులకు నల్ల పెన్ను రాసి అతికిస్తే సరి. పాత కారుకు ఏపీ 31 వేస్తే వైజాగ్‌వాళ్లు వెంటనే గుర్తుపడతారు. 2019 తర్వాతి బండి అయితే ఏపీ 39 వేయవచ్చు.

పాతబడిన కారు చేయాలనుకుంటే నమూనా కోసం ఇంటర్నెట్ అక్కరలేదు, బీచ్ రోడ్డు పక్క వీధుల్లో నిలిపి ఉంచిన పాత కార్లను చూడండి. తుప్పు అంతటా రాదు. తలుపు కింది అంచు, చక్రాల వంపుల లోపలి చుట్టు, అద్దం రబ్బరు కింద, నీళ్లు నిలిచే చోట్ల మొదలవుతుంది. బానెట్ నడుమ ఎర్రటి మచ్చ పెడితే అబద్ధంలా కనిపిస్తుంది, అక్కడ రంగు వెలిసిపోవాలి తప్ప తుప్పు రాకూడదు. గోధుమ, నారింజ రంగు సుద్దముక్కలు గీకిన పొడిని పొడి కుంచెతో అద్ది, పైన మెరుపులేని క్లియర్ కొట్టండి. దుమ్ము కోసం ఎర్రమట్టి దిబ్బల మట్టి తెచ్చేవాళ్లు ఉన్నారు. అది రక్షిత ప్రదేశం, పిడికెడైనా తేవద్దు. మీ వీధిలో మట్టిని పల్చటి గుడ్డలో జల్లిస్తే సరిపోతుంది.

పని మొదలుపెట్టేముందు ఒకసారి చూసుకోండి. హాట్ వీల్స్ కారు మీద ఎక్కడైనా టీహెచ్ (ట్రెజర్ హంట్) అక్షరాలు, రబ్బరు టైర్లు, లోతైన మెరుపు రంగు కలిసి ఉంటే దాన్ని విప్పకండి. సేకరించేవాళ్లు వాటికి చాలా ఎక్కువ ఇస్తారు. మీరు మార్చిన కార్లను చిన్నపిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వవద్దు కూడా. కార్లకు వాడే రంగులు నోట్లో పెట్టుకునేవి కావు, స్క్రూలు ఊడతాయి.

ఎయిర్‌బ్రష్ ఎప్పుడు అంటారా? స్ప్రే డబ్బాతో నాలుగైదు కార్లు మీకు నచ్చేలా వచ్చాక, డబ్బాల్లో దొరకని రంగు కావాలనిపించినప్పుడు. అప్పుడు 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న డబుల్ యాక్షన్ రకం (మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చేది) తీసుకోండి. ఖర్చు తగ్గించాలంటే ఎయిర్‌బ్రష్‌లో తగ్గించండి, కంప్రెసర్‌లో కాదు. చేతిలో ఇమిడే చార్జింగ్ కంప్రెసర్లు మన వాతావరణానికి నచ్చవు. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీరవుతుంది, ఆ నీటి చుక్క నేరుగా కారు మీద పడుతుంది. ట్యాంకు, తేమను పట్టే ఫిల్టరు రెండూ ఉన్నదే కొనండి, పని అయిన ప్రతిసారీ ట్యాంకు అడుగునున్న మర విప్పి నీళ్లు వదిలేయండి. కొనేముందు మోడల్ పేరు ఇక్కడ రాస్తే చూసి చెబుతాను.